జిరాఫీ కోసం నాలుగు నెలలు: వీల్‌చైర్‌తో మా జూ ప్రయాణం

మావాడు జిరాఫీని చూడాలని అడిగింది 2025 జూలై మొదట్లో. చూసొచ్చింది నవంబరు 19న. ఒక్కరోజు జూకి నాలుగు నెలల తిరుగుడేంటని మా షాపుకి జిరాక్సులకొచ్చేవాళ్ళు నవ్వారు. నవ్వాల్సిందే, నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇదే పని పెట్టుకునేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకి అందులో రెండు నెలలైనా మిగులుతాయని రాస్తున్నా.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. చిన్న జిరాక్స్ షాపు నాది, మా ఆయన టైలర్. అబ్బాయికి పదమూడేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ. నడవలేడు, మాట నిదానంగా వస్తుంది, బుర్ర మాత్రం మా ఇద్దరికంటే చురుకు. బరువు 34 కిలోలు. అంటే ఎత్తుకుని నాలుగు మెట్లు దించగలం కానీ ఎత్తుకుని జూ తిప్పలేం.

అందరూ పులి అడుగుతారు కదా, జిరాఫీ ఎందుకురా అంటే, "అదైతే పొడుగ్గా ఉంటాది కదమ్మా, ముందు ఎంతమంది నిల్చున్నా కనపడతాది" అన్నాడు. అంతకు వారం ముందే రథయాత్ర అయింది. గంట ముందే తీసుకెళ్ళి ముందు వరసలో కుర్చీ పెట్టాం. రథం కదిలేసరికి జనం ముందుకొచ్చేశారు. వాడికి కనపడినవి వీపులు, పైన ఒక జెండా ముక్క. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. వారం ఆగి జిరాఫీ అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాకు దారులు రెండు. ఇటు విశాఖపట్నంలో 1977లో తెరిచిన ఇందిరాగాంధీ జూ. అటు భువనేశ్వర్ దగ్గర నందన్‌కానన్, 1960 నాటిది, 1980లో మామూలు రంగు పులుల జంటకి తెల్లపులి పిల్లలు పుట్టిన చోటు. రెండూ సోమవారం సెలవు. మేం ఏ జూకి వెళ్ళామో మాత్రం రాయను. అక్కడ ఒక మనిషి ఎవర్నీ అడక్కుండా మా కోసం ఒక గేటు తీశాడు, ఆయన ఉద్యోగం నాకు ముఖ్యం. పైగా ఆ జూలో చూసినవి ఆ ఒక్క జూలోనే ఉంటాయని కూడా నేననుకోను.

వెళ్తున్నాం అని నోరు జారగానే మనుషులు పెరిగారు. పక్కింటి బాబు, తొమ్మిదేళ్ళు, ఆటిజం, వాళ్ళమ్మా నాన్నా. మా బావగారు, మా తోడికోడలు, వాళ్ళ అమ్మాయి. ఆ అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు, పుట్టుకతోనే చూపు లేదు, డిగ్రీ చదువుతోంది. రమ్మంటే ముందు నవ్వింది. "నేనొచ్చి ఏం చేస్తాను పిన్నీ, మీరందరూ ఆహా ఓహో అంటుంటే వింటూ కూచోడానికా?" అంది. తర్వాత ఒక షరతు పెట్టింది: పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తనకి చెప్పడానికే ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి వేరే పని ఏదీ అప్పజెప్పకూడదు. చాలా సబబైన షరతు, పెళ్ళిళ్ళలో కూడా పెట్టాలి ఇలాంటివి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. మావాడి పాత వైకల్య సర్టిఫికెట్‌కి గడువైపోయింది. యూడీఐడీ కార్డుకి, అంటే వైకల్యం ఉన్నవాళ్ళకి ఇచ్చే గుర్తింపు కార్డుకి, ఆగస్టు 18న ఆన్‌లైన్‌లో పెట్టాను. ఇలాంటివి రోజుకి పదిమందికి నింపి పెడతాను, అయినా మావాడి ఫొటో సైజు రెండుసార్లు తిరగ్గొట్టింది. సెప్టెంబరు 11న డాక్టర్లు చూశారు. పొద్దున్న తొమ్మిదికి రమ్మన్నారు, మా వంతు వచ్చింది రెండున్నరకి. వీల్‌చైర్‌లో వచ్చిన పిల్లాణ్ణి "ఓసారి నిలబెట్టండి" అన్నారు. మా ఆయన ఏమీ మాట్లాడకుండా బయటికెళ్ళి ఒక టీ తాగొచ్చారు. అక్టోబరు 24న నెంబరు వచ్చింది. పోస్టులో కార్డు కోసం ఆగక్కర్లేదు, నెంబరు వస్తే ఈ-కార్డు డౌన్‌లోడ్ అవుతుంది, ప్రింట్ తీసి లామినేషన్ చేయించుకుంటే చాలు. అసలు నీలం కార్డు (వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే నీలం, 40 నుంచి 80 లోపు పసుపు, 40 లోపు తెలుపు) మా ఇంటికొచ్చింది నవంబరు 26న, జూకి వెళ్ళొచ్చిన వారానికి. కార్డుకి టికెట్‌లో ఎంత తగ్గుతుందో, తోడు మనిషికి తగ్గుతుందో లేదో జూని బట్టి ఉంటుంది, ముందే ఫోన్ చేసి అడగండి.

జూకి మెయిల్ పెట్టింది సెప్టెంబరు 15న. పదకొండు రోజులు చూసి 26న ఫోన్ చేశాను. ఎత్తినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "వీల్‌చైర్ ఉందమ్మా, ర్యాంపు ఉందమ్మా, బ్యాటరీ బండి ఉందమ్మా, టాయిలెట్ కూడా ఉందమ్మా, రండి." ఫోన్ పెట్టాక ఇంట్లో పండగే. తర్వాత వెళ్ళి చూస్తే ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ర్యాంపు ఉంది, ఎక్కలేం. బ్యాటరీ బండి ఉంది, కుర్చీ అందులోకి పోదు. టాయిలెట్ ఉంది, అందులో చీపుర్లూ బకెట్లూ ఉన్నాయి. తప్పు నాదే. ఉందా అని అడిగాను. తలుపు ఎన్ని అంగుళాలు, తాళం ఎవరి దగ్గరుంటుంది, బండి నేల ఎంత ఎత్తు అని అడగాల్సింది.

అందుకే ముందు మేమిద్దరం వెళ్ళి చూసొద్దామని బావగారన్నారు. ఆయన రిటైరైన లైన్‌మేన్, స్తంభం ఎక్కే ముందు కింద నుంచి చూసుకునే అలవాటు. అక్టోబరు 29 అనుకున్నాం. మొంథా తుపాను వచ్చి పడింది. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, మా జిల్లాకీ రెడ్ అలర్ట్, రైళ్ళు రద్దు. సరే నవంబరు మొదటివారంలో అనుకుంటే 1వ తారీఖున కాశీబుగ్గ గుడిలో తొక్కిసలాట. మాకు అది పక్క ఊరి లెక్క. టీవీలో అక్కడ విరిగిన రెయిలింగ్ చూశాక మా తోడికోడలు "ఏ జూ వద్దు ఏటీ వద్దు, పిల్లలు ఇంట్లో ఉంటే చాలు" అని కూచుంది. ఆవిడ్ని ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. చివరికి ఆదివారం వద్దు, వారం మధ్యలో వెళ్దాం, జనం ఎక్కువుంటే గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేద్దాం అనే మాట మీద ఒప్పుకుంది.

నవంబరు 6, గురువారం, కార్తీక పౌర్ణమి మర్నాడు, నేనూ బావగారూ మావాడి ఖాళీ కుర్చీ మడిచి పట్టుకుని బయల్దేరాం. సంచిలో మా ఆయన టైలరింగ్ టేపు, ఒక నోట్‌బుక్కు. అసలు ప్లాను, బావగారు కుర్చీలో కూచుంటే నేను తోయడం. ఆయన 82 కిలోలు. మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గరే నా పని అయిపోయింది. ఇక నేను కూచోవాలి, ఆయన తోయాలి. పద్దెనిమిదేళ్ళుగా బావగారి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఎరగను నేను. ఆయన వస్తే లేచి పక్కకి పోతాను. అలాంటిది ఆయన చేత తోయించుకుంటూ జూ అంతా తిరగడం! ఆయనకీ అదే ఇబ్బంది. మొదటి అరగంట ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. తర్వాత ఒక గుంతలో ముందు చక్రం పడి నేను దాదాపు కింద పడబోయాక ఇద్దరికీ నవ్వొచ్చింది, అక్కడితో సిగ్గు పోయింది.

కూచుని చూస్తే తప్ప తెలియనివి ఆ రోజు తెలిశాయి. ఎవరూ నాతో మాట్లాడరు. టీ కొట్టు దగ్గర "మేడమ్‌కి చక్కెర వేయాలా" అని నన్నడగలేదు, నా తల మీదుగా బావగారిని అడిగాడు. ఒకావిడ "పాపం, ఏమైంది" అనేసింది, అదీ ఆయన్నే. మావాడికి పదమూడేళ్ళుగా రోజూ ఇదే. మూడు గంటలు కూచునేసరికే నాకు ఎవర్నైనా కొట్టాలనిపించింది. నడవగలిగిన మనిషిని ఇలా కూచుని అందర్నీ మోసం చేస్తున్నానే అని ఇంకోపక్క పీకుతూ ఉంటుంది. టాయిలెట్ దగ్గర లేచి నిలబడితే ఒకాయన గుడ్లప్పగించి చూశాడు.

ర్యాంపు దగ్గర టేపు తీశాం. ఎక్కాల్సిన ఎత్తు 14 అంగుళాలు, ర్యాంపు పొడవు 7 అడుగులు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలని రూలు, ఆ లెక్కన 14 అడుగులు కావాలి. అంటే కట్టినవాళ్ళు సగంలో ఆపేశారు. ఎక్కేటప్పుడు బావగారికి ఆయాసం, దిగేటప్పుడు నాకు ప్రాణభయం. (ఇలాంటి చోట కుర్చీని వెనక్కి తిప్పి దించాలి, ముందుకి దించితే మనిషి జారిపోతాడు. మాకు ఇది ఇంటి ముందు నేర్పింది ఒక ఫిజియోథెరపిస్టు.) టాయిలెట్ తలుపు 24 అంగుళాలు, కుర్చీ 25. ఆ ఒక్క అంగుళం గురించి నేను ఇప్పటికీ కలగంటున్నా. వెడల్పు తలుపున్నది ఇంకోటి ఉంది, అదే బకెట్ల గది. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోడానికి నలభై నిమిషాలు పట్టింది. తాళం ఉన్నావిడ భోజనానికెళ్ళింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం నేను ఊహించని చోట తగిలింది. గోడలు. జంతువుకీ మనకీ మధ్య కందకం ఉండే చోట మనవైపు పిట్టగోడ ఉంటుంది కదా, మనం మోచేతులు ఆనించుకుని వంగి చూసే గోడ. కుర్చీలో మావాడి కళ్ళు నేల నుంచి 41 అంగుళాల ఎత్తులో ఉంటాయి, ఇంటి దగ్గరే కొలుచుకొచ్చాను. నావి 45, అందుకని కాస్త జారి కూచుని వాడి ఎత్తుకి వచ్చి చూశాను. నీటి ఏనుగు దగ్గర గోడ 48 అంగుళాలు. మొసళ్ళ దగ్గర 44, దాని మీద పూలకుండీలు. నాకు కనపడింది సిమెంటు. పక్కన నిల్చున్న పిల్లలు "అదిగో నోరు తెరిచింది, నోరు తెరిచింది" అని గంతులేస్తున్నారు, నా ముక్కుకి రెండడుగుల దూరంలో సిమెంటు గోడ, దాని మీద ఎవరో గీకిన ప్రేమ గుర్తు. రథయాత్ర గుర్తొచ్చింది. బావగారు వెనక నుంచి "ఏమ్మా, కనబడతోందా?" అంటే నోట మాట రాలేదు, టేపు కిందికి వదిలి కొలిచాను.

ఆ రోజు నోట్‌బుక్‌లో పద్నాలుగు చోట్ల కొలతలు రాసుకున్నాం. తేలిందేంటంటే, గోడ ఉన్నచోట దాదాపు ఏదీ కనపడదు, వైరు మెష్ నేలదాకా ఉన్నచోట, అద్దం కిందిదాకా ఉన్నచోట అన్నీ కనపడతాయి. పక్షులు, కోతులు, తాబేళ్ళు బాగా కనపడతాయి. జిరాఫీ, మావాడు చెప్పినట్టే, ఎక్కణ్ణుంచైనా కనపడుతుంది. అందుకని దారి కూడా గోడల్ని బట్టి గీసుకున్నాం, బోర్డు మీది మ్యాపుని బట్టి కాదు. ఆఫీసులో ఒక సారుని కలిసి చూపిస్తే ఆయన చాలాసేపు నోట్‌బుక్కు తిరగేసి, "ఇన్నేళ్ళలో ఎవరూ కొలవలేదమ్మా" అన్నారు. బ్యాటరీ బండి మేం చెప్పిన చోట ఆగేలా డ్రైవర్‌తో మాట్లాడిపెట్టారు. మామూలుగా అయితే అది ఎక్కించుకుని చుట్టు తిప్పి దించేస్తుంది. నీటి ఏనుగు సంగతి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపారు.

తర్వాతి పన్నెండు రోజులు సరంజామా. పక్కింటి బాబుకి కొత్త చోటంటే గాభరా, అందుకని బావగారి ఫోన్లో తీసిన ఫొటోలు పదకొండు నా షాపులోనే రంగుల్లో తీసి వరసగా గుచ్చి ఇచ్చాను: వ్యాను, గేటు, టికెట్, బండి, కోతి, జిరాఫీ, టాయిలెట్, అన్నం తినే చెట్టు, ఇలా, చివర్లో వాళ్ళ ఇంటి తలుపు. రోజూ పడుకునే ముందు తిరగేసేవాడట. చప్పుడు వినపడకుండా చెవులకి పెట్టుకునేది, కోత మిషను దగ్గర పనివాళ్ళు పెట్టుకుంటారే, హార్డ్‌వేర్ షాపులో 650 రూపాయలకి దొరికింది.

మా అమ్మాయికి, అదే చూపు లేని మా బావగారి అమ్మాయికి, బొమ్మలు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు తెలియనివాళ్ళుండరు, కొమ్ముతో చెక్కిన కొంగలు, జింకలు. అవి చేసే ఇంటికి తీసుకెళ్తే ఒక్కో బొమ్మా అరగంట తడిమింది. జింక కొమ్ము కొసదాకా వేలు పోనిచ్చి "ఇంత సన్నగానా?" అంది. జిరాఫీ లేదు వాళ్ళ దగ్గర. మా ఆయన మిగులు గుడ్డలతో ఒకటి కుట్టారు, మెడ మరీ పొడుగై నిలబడదు, తల వాల్చేస్తుంది. పెద్ద జిరాఫీ పద్దెనిమిది అడుగుల దాకా ఉంటుందంటే తనకి అంకె చాల్లేదు. టైలరింగ్ టేపు ఐదడుగులు కదా, మూడున్నర టేపుల పైచిలుకు అని మేడ మెట్ల మీంచి వేలాడదీసి కింది నుంచి పైదాకా పట్టుకుని ఎక్కించాం. అంత మెడలోనూ ఎముకలు మనకున్నట్టు ఏడే అంటే నమ్మలేదు, తన మెడ వెనక తడుముకుని లెక్కపెట్టుకుంది.

వ్యాను బేరం ఒక గొడవ. మొదట మాట్లాడినతను తొమ్మిదివేలకి ఒప్పుకుని, కుర్చీ సంగతి చెప్పగానే సామానుకి ఐదొందలు ఎక్కువన్నాడు. సామానేంటయ్యా, అవి వాడి కాళ్ళు అన్నాను. మానేసి ఇంకొకతన్ని 9,500కి మాట్లాడాం. డబ్బు అంతే అయింది, కానీ అతను అడిగి తీసుకోలేదు కదా. వ్యానులోకి కుర్చీ ఎక్కించడానికి వడ్రంగి చేత ఐదడుగుల ప్లైవుడ్ పలక చేయించాం, 1,400. పూర్తిగా దండగ. పర్వతం ఎక్కినట్టుంది. మా ఆయనా పక్కింటాయనా చెరోపక్క పట్టుకుని ఎక్కించారు. మీరు ఆ పలక కొనకండి. పనికొచ్చిందేంటంటే మా ఆయన కుట్టిన గుడ్డ తెర, ముదురు నీలం, పైన హులాహూప్ రింగు. పదమూడేళ్ళ పిల్లాడికి డైపర్ మార్చాలంటే ఆడవాళ్ళ టాయిలెట్‌లోకి నేను తీసుకెళ్ళలేను, మగవాళ్ళ దాంట్లో పడుకోబెట్టే చోటుండదు. వ్యాను వెనక సీటు, తెర, ఒక రబ్బరు షీటు. వాడి మర్యాద వాడికి దక్కింది.

నవంబరు 19, బుధవారం. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, దారిలో ఒకచోట ఇడ్లీలకాగి, తొమ్మిదింటికి చేరాం. అక్కడే మొదటి దెబ్బ. పక్కింటి బాబు ఫొటోలో ఉన్న గేటు ఆ రోజు మూసి పక్క గేటు తెరిచారు. వాడు మూసిన గేటు ముందు నిలబడి కదలడు. ఫొటో చూపిస్తాడు, గేటు చూపిస్తాడు. వాడిదే న్యాయం. ఇరవై ఐదు నిమిషాలు. చివరికి వాళ్ళ నాన్న తెరిచిన గేటు ఫొటో ఫోన్లో తీసి, పాత గేటు కాగితం వాడి చేతనే వెనక్కి తిప్పించి, ఇప్పుడు ఇది అని చూపిస్తే ఒక్కసారిగా పరిగెత్తుకుంటూ లోపలికెళ్ళాడు. ఫొటోలు తీసేవాళ్ళు అన్ని గేట్లూ తీసి పెట్టుకోండి.

రెండోది స్ట్రా. మావాడు స్ట్రా లేకుండా నీళ్ళు తాగలేడు, పొరబోతుంది. సంచి చూసే అమ్మాయి ప్లాస్టిక్ అని తీసి పక్కన పెట్టేసింది. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జూలై నుంచి దేశమంతా నిషేధం కదా, ఆ అమ్మాయి తప్పేం లేదు. స్టీలుది కొరికేస్తాడు, పళ్ళకి ప్రమాదం. మాది సిలికాన్ గొట్టం, కడిగి మళ్ళీ మళ్ళీ వాడేది, అని వంచి చూపించాక ఇచ్చేసింది. నాలుగు నెలల్లో అన్నీ కొలిచాను గానీ ఇది తట్టలేదు.

పదిగంటలకి జిరాఫీ దగ్గరున్నాం. స్కూలు పిల్లలు రెండు బస్సులవాళ్ళు ముందు నిల్చున్నారు, విజిళ్ళు. మావాడి కుర్చీ వాళ్ళ వెనకే ఆగిపోయింది. నేను ముందుకి జరపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దమ్మా. కనబడతంది." పిల్లల తలల మీద, చెట్టు కొమ్మల పక్కన, అది ఆకులు నములుతూ కిందికి చూస్తోంది. వాడు మెడ వెనక్కి వాల్చేసి చూస్తూనే ఉన్నాడు. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి సంతోషమొస్తే ఒళ్ళు బిగుసుకుంటుంది, కాళ్ళు ఫుట్‌రెస్ట్ మీంచి లేచిపోయాయి. నేను అటువైపు తిరిగి సంచి సర్దుకున్నాను.

మా అమ్మాయికి చెప్పే పని వాళ్ళమ్మది. మా తోడికోడలు మొదట "అబ్బ ఎంత బాగుందో" అనడం, అమ్మాయి "బాగుంది కాదమ్మా, ఏం చేస్తోందో చెప్పు" అనడం. గంటకల్లా ఆవిడకి పట్టు దొరికింది. "నాలుక బయటికి తీసిందే, నల్లగా ఉందే, నేరేడుపళ్ళు తిన్నట్టు, ఆ నాలుకతోనే కొమ్మ వంచుకుంటోంది" అని చెబుతుంటే చుట్టుపక్కలవాళ్ళు కూడా ఆవిడ చెప్పేది విని జిరాఫీ నాలుక వెతుక్కున్నారు. నేను కూడా.

పక్కింటి బాబు పులినీ సింహాన్నీ చూడలేదు. తాబేళ్ళ దగ్గర నీళ్ళ పైపు కారుతూ చుక్క చుక్క పడుతోంది, ఆ చుక్కని నలభై నిమిషాలు చూశాడు. వాళ్ళమ్మ ఒకసారి చెయ్యి పట్టుకుని లాగబోయి ఆగిపోయింది. "మూడువేలు పెట్టి కుళాయి చూడ్డానికి తెచ్చాను పిల్లాణ్ణి" అని నవ్వింది. అక్కడే కూచుని అన్నాలు తినేశాం, ఫొటోలోని చెట్టు దాకా పోలేదు. అలా ఆగడం వల్ల అనుకున్నదాంట్లో సగం జంతువులు పోయాయి. ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి నీటి ఏనుగు దగ్గర బ్యాటరీ బండి ఆగింది. నేను దిగొద్దన్నాను, గోడ సంగతి తెలుసు కదా. మావాడు దిగుతానన్నాడు. కుర్చీలో కూచోబెట్టి గోడ దాకా తీసుకెళ్ళాం. మా ఆయన ఎత్తి చూపిస్తే అర నిమిషం చూశాడు, నడుం పట్టేసి దించేశారు. వాడు ఏమీ అనలేదు. మళ్ళీ ఆ ఏమీ అనకపోవడం. అప్పుడు మేత వేసే మనిషి ఒకాయన, మమ్మల్ని చూస్తూనే ఉన్నట్టున్నాడు, "ఇటు తీసుకురండమ్మా" అని పక్కన ఒక సందు గేటు తీశాడు. మేత బండి వెళ్ళే వాలుదారి అది, మెట్టు లేదు, ర్యాంపుకంటే నయం. చివర్న ఇంకో మెష్ గేటు, తాళం వేసే ఉంది, దాని అవతల నీళ్ళు. మావాడి కళ్ళకీ నీళ్ళకీ మధ్య వైరు తప్ప ఏమీ లేదు. మనిషి వాసన తగిలిందో ఏమో అది నీళ్ళలోంచి ముక్కు పైకెత్తి బుస్సుమని వదిలింది. తుంపర ఇద్దరి మీదా పడింది, మావాడి మీదా, మా అమ్మాయి మీదా. "ఛీ, ఏం కంపు పిన్నీ!" అంటూ మెష్‌కి ఇంకా దగ్గరికి జరిగింది ఆ పిల్ల. ఏడు నిమిషాలున్నాం. ఆయన డబ్బు తీసుకోలేదు, పేరు అడిగితే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

నాలుగింటికి వ్యాను. తొమ్మిదిన్నరకి ఇల్లు. మొత్తం ఖర్చు, ముందు చూసొచ్చిన రోజుతో కలిపి, ఆ దండగ పలకతో కలిపి, తొమ్మిదిమందికి 16,300 అయింది, మూడిళ్ళు పంచుకున్నాం.

24న జూ ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఫిర్యాదు కాదు, పద్నాలుగు చోట్ల కొలతలు, ఏ గోడకి ఎక్కడ అడుగు వెడల్పున కిటికీలా కోసి మెష్ పెడితే కూచున్న పిల్లాడికి కనపడుతుందో బొమ్మ గీసి. గోడ కూల్చమనలేదు. ఆ సందు గేటు గురించి ఒక్క ముక్క రాయలేదు. నిన్న ఫోనొచ్చింది, అదే మర్యాద గొంతు. "అమ్మా, మీ ఉత్తరం ఇంజినీరింగ్ వాళ్ళకి పంపాం. అంగుళాల్లో రాశారు కదా, సెంటీమీటర్లలో పంపుతారా?" అన్నాడు. టైలరింగ్ టేపుకి రెండోవైపు సెంటీమీటర్లే ఉంటాయి. ఇది రాస్తుంటే మా ఆయన మిషను ఆపి, టేపు తిప్పి పట్టుకుని, 41 అంగుళాల దగ్గర బొటనవేలు పెట్టి "నూట నాలుగు, రాస్కో" అంటున్నారు.